అక్టోబర్ చలిలో ఫ్రాంకోనియా రిడ్జ్: తొలిసారి వెళ్తున్న ఆరుగురికి

ప్రశ్న: మేం ఆరుగురం స్నేహితులం, నలుగురు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. బోస్టన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాం. అక్టోబర్ రెండో సోమవారం సెలవు కలిసొస్తోంది కాబట్టి శుక్రవారం బయల్దేరి న్యూ హ్యాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌లో రెండు రాత్రులు టెంట్లలో ఉండాలని, శనివారం ఫ్రాంకోనియా రిడ్జ్ అనే కొండల వెన్ను ఎక్కాలని అనుకుంటున్నాం. అలిపిరి మెట్లు ఎక్కడం తప్ప మాకు వేరే అనుభవం లేదు. మాలో ఒకరు బాగా నెమ్మది. ఆ ఒక్కరినీ కింద ఉంచి మిగతావాళ్లం వెళ్లొచ్చా? ఏమేం కొనాలి? ఏం వండుకోవాలి? ఎలుగుబంట్ల సంగతేమిటి? ఇంకా ఆరు వారాల టైముంది.
– ఒక విద్యార్థి, బోస్టన్

జవాబు: తప్పకుండా వెళ్లండి. ఆకులు ఎర్రబడే ఆ వారంలో ఆ లోయను మించిన చోటు న్యూ ఇంగ్లండ్‌లో తక్కువ. అయితే రిడ్జ్ ఎక్కగలరా లేదా అన్నది అక్కడికి వెళ్లాక తేల్చుకునే విషయం కాదు. సెప్టెంబర్‌లోనే తేలిపోవాలి. మీ చేతిలో ఉన్న ఆరు వారాలు అందుకే ఎక్కువ పనికొస్తాయి, షాపింగ్‌కి కాదు.

ముందు ఈ దారి ఎంతటిదో చూడండి. ఫాలింగ్ వాటర్స్ ట్రెయిల్ మీదుగా ఎక్కి, లిటిల్ హేస్టాక్, లింకన్, లఫాయెట్ శిఖరాలు దాటి, గ్రీన్‌లీఫ్ హట్ (కొండ మీద నడిచేవాళ్ల బస) పక్కగా ఓల్డ్ బ్రైడిల్ పాత్‌లో దిగితే మొత్తం దాదాపు 9 మైళ్లు. ఎక్కే ఎత్తు దాదాపు 3,900 అడుగులు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లున్నా, ఎక్కే ఎత్తు ఇందులో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. పైగా అక్కడ కట్టిన మెట్లు, పైకప్పు, దీపాలు, అడుగడుగునా మంచినీళ్లు, దిగడానికి బస్సు ఉన్నాయి. ఇక్కడ ఉన్నవి తడి బండలు, చెట్ల వేళ్లు, మీ కాళ్లు. ఎక్కినంతా మళ్లీ దిగాలి. మోకాళ్లు నొప్పి పెట్టేది దిగేటప్పుడే.

టైము లెక్కకి అక్కడివాళ్లు వాడే సూత్రం ఒకటుంది. మైలుకి అరగంట, ఎక్కే ప్రతి వెయ్యి అడుగులకి ఇంకో అరగంట. ఈ లెక్కన ఆగకుండా నడిస్తేనే ఆరున్నర గంటలు. ఆరుగురు కొత్తవాళ్లు, తిండి, ఫొటోలు, బూట్ల లేసులు కట్టుకోవడం అన్నీ కలిపితే తొమ్మిది గంటలు పెట్టుకోండి. అక్టోబర్ రెండో వారంలో అక్కడ ఏడు కావస్తుండగా తెల్లవారి, సాయంత్రం ఆరింటికే పొద్దుగూకుతుంది. లోయలో కొండ నీడ అంతకన్నా ముందే కమ్ముకుంటుంది. అందుకని ఉదయం ఏడింటికల్లా ట్రెయిల్ మీద ఉండాలి. ఎనిమిదిన్నరకి ఇడ్లీ తిని బయల్దేరే గుంపు దిగేసరికి చీకటి పడటం ఖాయం.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం వెల్ష్-డిక్కీ లూప్‌కి వెళ్లి రండి. బోస్టన్ నుంచి రెండు గంటల ప్రయాణం, ఐ-93 మీద 28వ ఎగ్జిట్. నాలుగున్నర మైళ్ల లోపు దూరం, 1,800 అడుగుల ఎత్తు. పై భాగమంతా ఏటవాలు నల్లరాతి పలకలు కాబట్టి రిడ్జ్‌కి మంచి రిహార్సల్. వాన రోజు మాత్రం వద్దు, ఆ పలకల మీద కాలు నిలవదు. రిడ్జ్‌కి మోయబోయే బ్యాగు, అంతే బరువు, అవే బూట్లు. ఆరుగురూ కలిసి ఆగుళ్లతో సహా నాలుగున్నర గంటల్లో దిగి, మర్నాడు మెట్లు మామూలుగా ఎక్కగలిగితే అక్టోబర్‌లో రిడ్జ్‌కి ప్రయత్నించవచ్చు. ఆరు గంటలు పట్టిందంటే ఈ ఏడాదికి వదిలేయండి. శనివారం లోన్‌సమ్ లేక్‌కి వెళ్లండి. లఫాయెట్ ప్లేస్ క్యాంప్‌గ్రౌండ్ నుంచే మొదలయ్యే దారి అది, వెళ్లేటప్పుడు 1.6 మైళ్లు, వెయ్యి అడుగులు. గాలి లేని ఉదయం ఆ చెరువు నీళ్లలో ఎదుటి కొండల వరస మొత్తం కనిపిస్తుంది. అదేమీ తక్కువ ట్రిప్ కాదు.

ఇక మీ నెమ్మది స్నేహితుడి సంగతి. గుంపు వేగం అంటే ఆ స్నేహితుడి వేగమే. ఆ ఒక్కరినీ ముందు నడవనివ్వండి, మిగతా అయిదుగురూ వెనక. వెనక పెడితే ఏం జరుగుతుందంటే, ముందువాళ్లు ఆగి ఎదురుచూస్తారు, ఆ మనిషి వగరుస్తూ వచ్చేసరికి వాళ్ల అలుపు తీరిపోయి మళ్లీ నడక మొదలవుతుంది. అందరికన్నా అలసిన మనిషికే విశ్రాంతి దొరకదు. అయిదు మాటలు ఆగకుండా మాట్లాడగలిగేంత వేగంతో నడిస్తే సరిపోతుంది. రిడ్జ్ వద్దనుకుంటే కింద ఆ మనిషి ఒంటరిగా ఉండకూడదు, ఇంకొకరు తోడుండాలి. ఇద్దరూ లోన్‌సమ్ లేక్ చూసి రావచ్చు. దారి మధ్యలో మాత్రం ఎవరినీ "నువ్వు ఇక్కడే కూర్చో, వచ్చేటప్పుడు తీసుకెళ్తాం" అనకండి. ఇది లూప్ దారి. మీరు అటువైపు తిరిగి రారు.

బస విషయానికొస్తే, ఫ్రాంకోనియా నాచ్ స్టేట్ పార్కులో క్యాంప్‌గ్రౌండ్లో తప్ప ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయడానికి లేదు. రిడ్జ్ మీద అసలే కుదరదు. లఫాయెట్ ప్లేస్‌కి ఈరోజే బుకింగ్ చూడండి. ఆ వారాంతం దాటాక సీజన్ ముగింపుకి వచ్చేస్తుంది కాబట్టి గిరాకీ ఎక్కువ. ఒక్కో సైట్‌కి మనుషుల లెక్క, టెంట్ల లెక్క ఉంటుంది, ఆరుగురికి పక్కపక్కన రెండు సైట్లు తీసుకోండి. అక్కడ దిగితే ఇంకో పెద్ద లాభం ఉంది. ట్రెయిల్ మొదలయ్యేది హైవేకి అవతలి పక్క, కానీ కిందనుంచి నడిచి దాటే దారి ఉంది. ఆ శనివారం పార్కింగ్ తెల్లవారకముందే నిండిపోతుంటే మీరు టెంట్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు లోపు బోస్టన్ వదలండి. మామూలుగా రెండుంబావు గంటల దారి ఆ రోజు ఎంత పడుతుందో చెప్పలేం, చీకట్లో మొదటిసారి టెంట్ వేయడం నరకం. టెంట్లు ముందే ఒకసారి ఇంటి దగ్గర పార్కులో వేసి, కమ్మీలు, మేకులు లెక్క చూసుకోండి. ఆరుగురూ సామానుతో ఒక ఏడు సీట్ల బండిలో పట్టరు. రెండు చిన్న కార్లు తీసుకుంటే, కింద ఉండిపోయేవాళ్లకి కూడా ఒక బండి ఉంటుంది. పాతికేళ్ల లోపు డ్రైవర్లకి రెంటల్ కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి, వయసు దాటినవాళ్ల పేరు మీద తీసుకోండి. పొద్దుగూకాక ఆ రోడ్ల మీదికి మూస్‌లు అనే భారీ దుప్పులు వస్తాయి. పొడవాటి కాళ్ల వల్ల వాటి కళ్లు హెడ్‌లైట్ వెలుగుకి పైన ఉంటాయి, జింక కళ్లలా మెరిసి హెచ్చరించవు. నెమ్మదిగా నడపండి.

చలి గురించి మీ ఉత్తరంలో ఒక్క మాటా లేదు. మాకు భయం వేసింది అక్కడే. క్యాంప్‌గ్రౌండ్ దగ్గర రాత్రి నీళ్లు గడ్డకట్టే 32 డిగ్రీల (ఇక్కడ డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే) దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. లఫాయెట్ శిఖరం దాదాపు 5,250 అడుగులు, కిందికన్నా 3,500 అడుగులు ఎత్తు. అంత ఎత్తుకి మామూలుగానే పది పన్నెండు డిగ్రీలు తగ్గుతుంది. దాని మీద గాలి. 40 డిగ్రీల వేడిమిలో 30 మైళ్ల గాలి వీస్తే ఒంటికి 28 డిగ్రీల్లా ఉంటుంది. లిటిల్ హేస్టాక్ నుంచి లఫాయెట్ వరకు 1.7 మైళ్లు చెట్టన్నది లేదు, గాలికి అడ్డం ఏమీ ఉండదు. కింద బోస్టన్ వాతావరణమో, లింకన్ ఊరి వాతావరణమో ఫోన్‌లో చూసి వెళ్లకండి. మౌంట్ వాషింగ్టన్ అబ్జర్వేటరీ రోజూ ఇచ్చే హయ్యర్ సమ్మిట్స్ ఫోర్‌కాస్ట్ చదవండి. 1934లో గంటకి 231 మైళ్ల గాలిని కొలిచిన చోటు అది. శిఖరాల మీద 40 మైళ్లు దాటిన గాలి, మబ్బులో మునిగిన శిఖరాలు, వాన లేదా మంచు, వీటిలో ఏ ఒక్కటి రాసున్నా రిడ్జ్ మానేయండి.

బట్టల్లో నూలు వద్దు. జీన్స్, హుడీ, నూలు టీషర్ట్, నూలు సాక్స్ చెమటకో వానకో తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటాయి. ఇంటినుంచి తెచ్చుకున్న థర్మల్స్ ఉంటే లేబుల్ చదవండి. మన దగ్గర అమ్మేవాటిలో చాలావాటికి నూలు కలుస్తుంది. అవి పడుకునేటప్పుడు వేసుకోవచ్చు, నడిచేటప్పుడు వద్దు. అమ్మ పెట్టిన ఉన్ని మంకీ క్యాప్ మాత్రం తీసుకెళ్లండి, చెవులకీ మెడకీ దానికి మించింది లేదు. లోపల పాలియెస్టర్ చొక్కా, పైన ఫ్లీస్, దాని పైన గాలీ వానా ఆపే జాకెట్, బ్యాగులో ఆగినప్పుడు వేసుకోవడానికి పఫ్ జాకెట్, చేతి గ్లౌజులు. కింద బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించేలా తక్కువ బట్టలతో నడవండి. పావుగంటలో ఒళ్లు వేడెక్కుతుంది. అన్నీ తొడుక్కుని ఎక్కితే చెమటకి లోపలి బట్ట తడిసి, పైన గాలి తగలగానే వణుకు పడుతుంది.

రాత్రి నిద్ర చెడేది ఎక్కువగా కింద నేల వల్లే. అమెజాన్‌లో దొరికే పెద్ద గాలి పరుపు లోపలి గాలి నేలంత చల్లబడి, వీపు కిందనుంచి వేడి లాగేస్తుంది. కింద పరుచుకునే ప్యాడ్ మీద ఆర్-వాల్యూ అని, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది, 4 దరిదాపుల్లో ఉన్నది చూడండి. లేకపోతే మామూలు ప్యాడ్ కింద ఒక మడత ఫోమ్ ప్యాడ్ పరవండి. స్లీపింగ్ బ్యాగ్ 20 డిగ్రీలది కావాలి. ఆ అంకె చాలా బ్యాగుల మీద "హాయిగా నిద్రపట్టే" వేడిమి కాదు, ముడుచుకుని రాత్రి గడిపే హద్దు. హాయికి దానికి పది డిగ్రీలు కలుపుకోండి. ఆరుగురి టెంట్ అని అమ్మేదాంట్లో సామానుతో నలుగురు పడతారు. నలుగురికి ఒకటి, ఇద్దరు అమ్మాయిలకి మూడు మనుషుల సైజుది ఒకటి సరిపోతుంది. చలని టెంట్ కిటికీలన్నీ మూసేయకండి. ఊపిరి తేమ పైకప్పుకి పట్టి తెల్లారుజామున మీ మీదే చుక్కలుగా రాలుతుంది. ఇవన్నీ కొననక్కర్లేదు. మీ యూనివర్సిటీ ఔటింగ్ క్లబ్‌లో అద్దెకి దొరుకుతాయేమో ముందు అడగండి. సొంతంగా కొనాల్సింది బూట్లు, వాన జాకెట్, తలకి కట్టుకునే లైటు. లైటు ఆరుగురికీ ఆరు. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు. చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా పడిపోతుంది, పైగా దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

స్టవ్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఏషియన్ స్టోర్లలో దొరికే బ్యూటేన్ క్యాసెట్ స్టవ్‌తో. బ్యూటేన్ 31 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది. రాత్రంతా చలికి నానిన డబ్బాతో తెల్లవారి టీ పెడదామంటే సన్నని మంట వచ్చి ఆరిపోతుంది. డబ్బా పాడైందనుకుని ఇంకోటి మారుస్తారు, అదీ అంతే. ఆకుపచ్చ ప్రొపేన్ సిలిండర్‌తో నడిచే రెండు బర్నర్ల క్యాంప్ స్టవ్ తీసుకోండి. ప్రొపేన్‌కి ఈ చలి ఒక లెక్క కాదు. ఒక్కో సిలిండర్ ఒక బర్నర్ మీద పూర్తి మంటతో దాదాపు రెండు గంటలు వస్తుంది, రెండు తీసుకెళ్తే చాలు. ఎంత చలేసినా, వానొచ్చినా టెంట్ లోపల స్టవ్ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

శుక్రవారం రాత్రికి వంట పెట్టుకోకండి, ఇంటి దగ్గర కలిపిన పులిహోర తినండి. శనివారం రాత్రికి వేడి అన్నం, పప్పు. పప్పు ఇంట్లోనే ఉడికించి తాలింపు పెట్టి, జిప్ కవర్‌లో పల్చగా పరిచి ఫ్రీజ్ చేస్తే కూలర్‌లో అదే ఐసుగడ్డలా పనిచేస్తుంది, శనివారం సాయంత్రానికి కరిగి ఉంటుంది. బియ్యం ఆరుగురికి 750 గ్రాములు, నడిచొచ్చిన ఆకలి మరి. అయిదు లీటర్ల కుక్కర్ అయితే గ్యాసూ కలిసొస్తుంది, గాలికి అన్నం పలుకుగా మిగలదు.

కొండ మీదికి మాత్రం పులిహోర వద్దు. చలికి అన్నం బిరుసెక్కి గింజ గింజగా విడిపోతుంది, గ్లౌజులు తీసి తినాలంటే వేళ్లు కొంకర్లు పోతాయి. బంగాళాదుంప వేపుడు పెట్టి చుట్టిన చపాతీలు ఒక్కోటి విడిగా ఫాయిల్‌లో, మనిషికి మూడు. పల్లీ పట్టీలు, ఖర్జూరం, జంతికలు జేబుల్లో ఉంచుకుని గంటకోసారి కొంచెం తినండి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు. గ్రీన్‌లీఫ్ హట్ అక్టోబర్ మధ్యకల్లా మూతపడుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేయకుండా తాగకండి. ఫిల్టర్‌ని రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. లోపలి తేమ గడ్డకడితే సన్నని గొట్టాలు చిట్లిపోతాయి, పైకి మాత్రం బాగున్నట్టే కనిపిస్తుంది.

ఎలుగుబంట్లు ఉంటాయి, నల్ల రకం. మనిషి జోలికి రావడం అరుదు, తిండి జోలికి రావడం మామూలు. ఆవకాయ, నెయ్యి, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, చెత్త కవరు, వాసనొచ్చే ప్రతిదీ రాత్రి అద్దాలు మూసి తాళం వేసిన కారులో ఉండాలి. టెంట్‌లో బిస్కెట్ ప్యాకెట్ కూడా వద్దు. చలిమంటకి కట్టెలు బోస్టన్ నుంచి తీసుకెళ్లకండి. చెట్లని చంపే పురుగులు వాటితో వస్తాయని బయటి రాష్ట్రాల మామూలు కట్టెలని న్యూ హ్యాంప్‌షైర్ నిషేధించింది. అక్కడే కొనండి.

ఇప్పుడు దారి. ఎక్కడం ఫాలింగ్ వాటర్స్ వైపు, దిగడం ఓల్డ్ బ్రైడిల్ పాత్ వైపు. తడి బండల మీద ఎక్కడం కన్నా దిగడం ప్రమాదం కాబట్టి ఈ వరసే మంచిది. మరమ్మతుల కోసం ఈ దారుల్లో కొన్ని భాగాలు మూసే అవకాశం ఉంది, బయల్దేరే వారం పార్కు ప్రకటన చూసుకోండి. మొదటి మైలున్నరలో వాగు దాటడాలు, జలపాతాలు వస్తాయి. క్లౌడ్‌లాండ్ ఫాల్స్ 80 అడుగులు. దారి మీద నిలబడి ఫొటో తీసుకోండి, నాచు పట్టిన బండ మీదికి ఎవరూ దిగవద్దు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మన తెలుగు విద్యార్థులు ఇద్దరు నీళ్లలో పడి చనిపోయారు. వాళ్లూ మీలాగే స్నేహితులతో కలిసి ట్రెక్‌కి వెళ్లినవాళ్లే.

లిటిల్ హేస్టాక్ 3.2 మైళ్ల దగ్గర వస్తుంది. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివై, తలెత్తుకి, తర్వాత నడుమెత్తుకి తగ్గుతాయి. తలెత్తు చెట్లుండగానే ఆగండి. అక్కడే జాకెట్, టోపీ, గ్లౌజులు వేసుకుని, ఒక చపాతీ తిని, టైము చూడండి. బయటికి వెళ్లాక ఆ గాలిలో జిప్పు పెట్టుకోవడం కూడా కష్టం. మధ్యాహ్నం పన్నెండు దాటినా, ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట తడబడుతున్నా, శిఖరాలు మబ్బులో ఉన్నా అక్కడినుంచే వెనక్కి, వచ్చిన దారినే దిగండి. ఈ పన్నెండు గంటల నియమం ముందురోజు రాత్రే ఆరుగురూ ఒప్పుకుని ఉండాలి. పైన నిలబడి వాదించుకుంటే ఎప్పుడూ "ఇంకొంచెమే" అన్నవాళ్లే గెలుస్తారు.

పన్నెండు లోపు చేరి, ఆకాశం తేటగా ఉంటే ఎడమకి, ఉత్తరం వైపు తిరగండి. రాళ్లు పేర్చిన గట్ల మధ్యే నడవండి, అటూ ఇటూ ఉన్న ఆ చిన్న మొక్కలు అడుగు పడితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఈ రిడ్జ్ అప్పలాచియన్ ట్రెయిల్ అనే సుదూర నడక దారిలో భాగం, తెల్ల పెయింటు గుర్తులుంటాయి. పొరపాటు జరిగేది లఫాయెట్ శిఖరం మీద. తెల్ల గుర్తులు అక్కడ ఆగిపోవు, గార్‌ఫీల్డ్ రిడ్జ్ మీదుగా ఉత్తరానికి సాగిపోతాయి. వాటినే నమ్ముకుని నడిస్తే మీ టెంట్‌కి దూరంగా అడవిలోకి వెళ్లిపోతారు. మీరు దిగాల్సింది ఎడమకి, పడమర వైపు, గ్రీన్‌లీఫ్ ట్రెయిల్. హట్ దగ్గర దాన్ని వదిలి ఓల్డ్ బ్రైడిల్ పాత్ పట్టుకోవాలి. శిఖరం మీద బోర్డు చదివి, ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్‌తో సరిచూసి, అప్పుడే అడుగు వేయండి. అక్కడినుంచి కిందికి నాలుగు మైళ్లు. హట్ దాటాక వచ్చే ఏటవాలు బండల దగ్గర తొందర వద్దు, ఎండుటాకుల కింద తడి ఉంటుంది. గోళ్లు ముందే కత్తిరించుకుని, దిగే ముందు లేసులు చీలమండ దగ్గర బిగించండి. లేకపోతే వేళ్లు బూటు ముందుకి కొట్టుకుని నల్లబడతాయి.

బయల్దేరే ముందు ఇంకో రెండు పనులు. నిర్లక్ష్యం వల్ల రక్షణ బృందం రావాల్సి వస్తే ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేసే అధికారం ఆ రాష్ట్రానికి ఉంది. ఫిష్ అండ్ గేమ్ శాఖ ఇచ్చే హైక్ సేఫ్ కార్డు ఉంటే ఆ బాధ్యత ఉండదు. మనిషికి 25 డాలర్లు, ఆ క్యాలెండర్ సంవత్సరం వరకే పనిచేస్తుంది. రూమ్మేట్లు కుటుంబం కింద రారు కాబట్టి ఎవరి కార్డు వాళ్లదే. రెండోది, బోస్టన్‌లో ఉండిపోయే ఒక స్నేహితుడికి ఒక మెసేజ్ పెట్టండి. ఆరుగురి పేర్లు, కార్ల నంబర్లు, క్యాంప్ సైట్ నంబరు, ఏ దారిలో ఎక్కి ఏ దారిలో దిగుతారు, అందరి జాకెట్ల రంగులు. రాత్రి ఎనిమిదింటిలోపు మీ నుంచి కబురు రాకపోతే 911కి ఫోన్ చేసి న్యూ హ్యాంప్‌షైర్ స్టేట్ పోలీస్‌కి కలపమనాలని అందులోనే రాయండి. లోయలో సిగ్నల్ అంతంతమాత్రమే, కాబట్టి దిగగానే ఆ కబురు పంపే పని ఎవరిదో పేరు పెట్టి ముందే అప్పజెప్పండి.